జ్వరము వేఱు, మూర్ఛ వేఱు

గత మాసమున నీ పుటలో మామిడి యొరుగుల నిలువను గూర్చి వ్రాసి, ఈ మాసమున చల్ల మిరపకాయలను గూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపుడు. మిరపకాయలు వచ్చు మాసము వఱకు ఎండగలవు. బోధను నుండి వచ్చిన యొక యుత్తరము మాత్రము అంతవఱకు ఆగునది కాదు.

ఆ సోదరి యింట పదునాలుగేండ్ల నాటి ల్యాప్‌టాపొకటి కలదట. అరగంట నడచునప్పటికి దాని యడుగు అట్లపెనమువలె కాలునట. పిమ్మట తెఱమీది బొమ్మ యెక్కడిదక్కడ నిలిచిపోయి, మీట లెన్ని నొక్కినను కదలదట. “పాత సామానులవానికి వేయుమని పిల్లలు, ఉంచవలెనని నేను. మీరేమందురు?” అని యడిగినారు.

ఇది నాకు పరాయి ప్రశ్న గాదు. గడచిన ఫాల్గుణమాసమున నిదియే నా తలమీద బడినది. అప్పుడు నేను చేసిన పొరపాట్లను, తుదకు తెలిసికొన్న సంగతిని ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను.

మా యంత్రమును మావారు ఉపాధ్యాయోద్యోగమున చేఱిన క్రొత్తలో, 2008వ సంవత్సరమున కొనిరి. అది నడచునది విండోస్ ఎక్స్‌పీతో. దానికి మైక్రోసాఫ్టు సంస్థవారి సంరక్షణ 2014 ఏప్రిల్ 8వ తేదీతో ముగిసినది గనుక, మేము దానిని ఇంటర్నెట్టునకు దగులనీయము. బడి మార్కుల పట్టికలకు మావారు ఇప్పుడు వేఱొకటి వాడుచున్నారు. ఈ ముసలిది నా పాలబడినది. నాకు దానితో గల పని యొక్కటే, మా నాయనగారి టిప్పణము.

మా నాయనగారు బోధనులోని శక్కర్‌నగరున, 1938లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారమున, పాకము కాచు పాన్‌ల యొద్ద పనిచేసినవారు. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. ఆయన అంతకు మున్నే విశ్రాంతి గైకొనిరి. పగలెల్ల చెఱకుపాకము, రాత్రియెల్ల ప్రబంధపాకము, ఇదియే యాయన జీవితము. చిన్నతనమున నా యారోగ్యము చాలనందున నన్ను బడికి బంపక, తామే యింట కూర్చుండబెట్టి కావ్యములు చెప్పిరి. రామరాజభూషణుని వసుచరిత్రము ఆఱాశ్వాసములకును శ్లేషలు విడదీసి టిప్పణము వ్రాయవలెనని వారి కోరిక. మొదటి రెండాశ్వాసములకు కాగితముమీద వ్రాసిరి. పిమ్మట కన్నులు సహకరింపలేదు. మిగిలిన నాలుగింటిని వారు చెప్పగా నేను ఈ ల్యాప్‌టాపులో కొట్టితిని. నాలుగేండ్ల క్రిందట వారు గతించిరి. మా నాయనగారి మాట మిగిలియున్న చోటు ఆ యంత్రము కడుపొక్కటియే.

ఇక్కడ నొక చిక్కు కలదు. యూనికోడ్ అను అంతర్జాతీయ లిపిసంకేతములలో తెలుగునకు 1991 నుండియు చోటున్నను, మన అచ్చుపనివారు చిరకాలము వేఱు వేఱు పాత ఫాంటులతో పనిచేసిరి. వానిలో తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండును. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో తెలుగుకు బదులు అర్థములేని ఇంగ్లీషు గుఱుతులు గనబడును. నేను కొట్టినదంతయు నట్టి పాత ఫాంటుతోనే. మార్పిడి చేయు సాధనములున్నవి గాని, సంయుక్తాక్షరములు దట్టముగా నున్నచోట్ల నవి తడబడుచున్నవి. కావున పాత తెఱమీద సరియైన రూపమును జూచుచు, క్రొత్త యంత్రమున నొక్కొక్క పంక్తిని దిద్దవలసి యుండెను. ఈ పని సగములో నుండగా ముసలిది మొరాయించినది.

ఒక సాయంకాలము నాలుగవ యాశ్వాసము దిద్దుచుండగా అడుగుభాగము వేడెక్కెను, ఫ్యాను గోలపెట్టెను, తెఱ నిలిచిపోయెను. మన పిల్లలు చెప్పునట్లు “హ్యాంగయినది.” నేను భద్రపఱుపని రెండు పుటలు పోయినవి. మఱునాడును అంతే. మూడవనాడు బొత్తిగా ఆఱిపోయెను.

మా పట్టణమున నొక దుకాణమునకు గొనిపోతిని. ఆ దుకాణదారుడు తిప్పి చూచి, “గిది బాగ పాతదమ్మా. దీనికి పార్టులు దొరుకయి. ఫార్మాట్ కొట్టి సూస్త, నడిస్తే నడుస్తది,” అనెను. ఫార్మాట్ కొట్టుట యనగా లోపలిదంతయు తుడిచివేయుట. ఆ మాట వినగానే నా చేతులు చల్లబడినవి. యంత్రమును కొంగున చుట్టుకొని యింటికి వచ్చితిని. అతడు దుర్మార్గుడు గాడు. రోజునకు ముప్పది యంత్రములు జూచువానికి నా యాశ్వాసముల గొడవ యెట్లు తెలియును? సోదరీమణులారా, మరమ్మతునకిచ్చునప్పుడు “లోపలిది తుడువవలదు” అని నోటితో జెప్పుట చాలదు. కాగితముపై వ్రాసి యంత్రమునకు అంటింపుడు.

మావారు నా మొగము జూచి, “మీ నాయనగారు పాన్ యొద్ద నేమి చేసెడివారు? మీట ద్రిప్పుటకు ముందు గాజుకిటికీలోనుండి చాలసేపు చూచెడివారు గదా,” అనిరి. తమయొద్ద జదివి, ఇప్పుడు పాలిటెక్నిక్కున నున్న యొక బాలుని ఆదివారము రమ్మని కబురంపిరి.

ఆ బాలుడు వచ్చి స్క్రూ తిప్పకముందే యడిగిన మొదటి మాట, “అమ్మా, లోపలున్నదానికి కాపీ ఉన్నదా?” లేదని చెప్పుటకు సిగ్గుపడితిని. యంత్రము చల్లగా నుండు వేకువజామున, గచ్చుమీద నుంచి, అడుగున గాలి యాడుటకు రెండు చెక్కముక్కలు పెట్టి, ఒక్కొక్క యాశ్వాసముగా పెన్‌డ్రైవులోనికి దించితిమి. నడుమ రెండుమార్లు నిలిచిపోయినది. మఱల మొదలుపెట్టితిమి. రెండు పెన్‌డ్రైవులలో నుంచి యొకటి మా యన్నగారింట దాచితిమి. పాత ఫాంటు వ్రాతలున్న సోదరీమణులు వానిని పీడీఎఫ్ రూపమున గూడ భద్రపఱుపవలెను. అందు ఫాంటు సయితము ఇమిడియుండును గనుక ఏ యంత్రమునందైనను తెలుగు తెలుగుగనే కనబడును. ఈ పని యైన రాత్రి నేను నెలదినములకు మొదటిసారి కంటినిండ నిద్రపోతిని. అటుపిమ్మట యంత్రము బ్రతికినను చచ్చినను మా నాయనగారి మాట నిలుచును.

ఇక వేడిని గూర్చి. ల్యాప్‌టాపునకు మెదడనదగిన ప్రాసెసరు బొటనవ్రేలి గోరంత సిలికాను పలుక. అది పనిచేయుకొలది వేడి పుట్టును. ఆ కాలపు ల్యాప్‌టాపు ప్రాసెసరులు చాలవఱకు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వఱకు ఓర్చును. ఆ హద్దును సమీపించినప్పుడు అది తన్ను తాను కాపాడుకొనుటకై ముందు వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము చటుక్కున ఆఱిపోవును. అనగా వేడిరోగమునకు సహజలక్షణము, ముందు నత్తనడక, పిదప దీపమాఱినట్లు ఆఱుట. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనిని సరిగా పట్టించుకొననందువలననే నేను పదిదినములు తప్పుదారి పట్టితిని.

గది వేడిమియు లెక్కకు వచ్చును. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 70 డిగ్రీలలో నుండినచో, అదే గది 40 డిగ్రీలైనప్పుడు అదియు నించుమించుగా 15 డిగ్రీలు పైకెక్కును. మన నిజామాబాదున ఎండాకాలమున 45 డిగ్రీలు చూచుట వింత గాదు. శీతకాలమంతయు లోపము దాచుకొన్న యంత్రము ఫాల్గుణమున బయటపడుటకు కారణమిదియే.

ఆ వేడి బయటికి పోవు త్రోవను బాలుడు చూపినప్పుడు నాకు మా నాయనగారు కండ్లకు గట్టిరి. చెఱకురసమును మూతలేని బానలో చిక్కగా మఱగించినచో 100 డిగ్రీలు మించి వేడెక్కి చక్కెర మాడి ఎఱ్ఱబడును. అందుచేత కర్మాగారమున మూసిన పాత్రలోని గాలిని తోడివేసి, పీడనము తగ్గింతురు. అప్పుడు పాకము 60, 70 డిగ్రీల యొద్దనే కుతకుతలాడును. ఇంగ్లండున ఎడ్వర్డ్ హోవార్డ్ అనునాయన 1813లో ఈ వాక్యూమ్ పాన్‌నకు పేటెంటు పొందెను. మా నాయనగారు పండ్రెండేండ్ల నాకు వంటింటి గిన్నె జూపుచు దీనిని బోధించిరి. ఇప్పుడు చూడుడు. ల్యాప్‌టాపులో ప్రాసెసరు మీదినుండి ప్రక్కనున్న సన్నని రెక్కల వఱకు చదునైన రాగిగొట్ట మొకటి పోవును. నేనది గట్టి రాగికడ్డీ యనుకొంటిని. కాదట! లోపల గాలి తీసివేసి, కొంచెము నీరుంచి మూసిన గొట్టమట. పీడనము తక్కువ గనుక ప్రాసెసరు వైపు కొనయొద్ద నీరు తక్కువ వేడికే ఆవిరియగును. ఆ యావిరి రెక్కలవైపు పరుగెత్తి, అచ్చట వేడిని విడిచి మఱల నీరగును. గొట్టపు లోపలి గోడకున్న మెత్తని రాగిపొర, దీపపు వత్తి నూనెను పీల్చునట్లు, ఆ నీటిని పీల్చి వెనుకకు దెచ్చును. రెక్కలమీద ఫ్యాను గాలి విసరును. ఇట్టి గొట్టమునకు అమెరికాలో గాగ్లర్ అనునాయన 1944లో పేటెంటు పొందినను, 1963లో లాస్ అలమాస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దానిని మఱల కనుగొని పని చేయించిన పిదపనే అది వ్యాప్తికి వచ్చినదట. మా నాయనగారు ముప్పదియేండ్లు కాచిన యా పానే, వ్రేలెడంతయై, తాము చెప్పిన మాటలను నేను కొట్టుచుండిన యంత్రములో దాగియుండెను. వారెఱుగకయే పోయిరి.

కావున వేడి బయటికి రాకుండుటకు మూడుచోట్ల అడ్డు కలుగవచ్చును. ఏది యడ్డమో తెఱవకుండనే కనుగొను నుపాయమును బాలుడు చెప్పెను. యంత్రమును పావుగంట నడిపి, గాలి వెడలు సందు నెదుట సన్నని నూలుపోగు పట్టి, చేయి యొగ్గి చూడుడు. పోగు కదలనే కదలనిచో ఫ్యాను చచ్చినది, లేదా త్రోవ పూర్తిగా మూసికొనిపోయినది. కొంచెముగా కదలుచు గాలి మిక్కిలి వేడిగా నున్నచో రెక్కలలో ధూళి పేరుకొన్నది. పోగు రెపరెపలాడుచు గాలి చల్లగా నుండి యడుగుమాత్రము కాలుచున్నచో, వేడి రెక్కల వఱకు వచ్చుటయే లేదన్నమాట. అప్పుడు ప్రాసెసరునకును రాగికిని నడుమ పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయియుండును. మాది రెండవ తరహా. ఉష్ణోగ్రత చూపు ఉచితసాధనములలో కోర్ టెంప్ అనుదానిని పెట్టి చూడగా 96 డిగ్రీలు చూపెను.

తెఱచు విధమును గొంచెము వివరముగా వ్రాయుదును. చేయి తిరిగినవారు ప్రక్కనున్ననే దీనికి పూనుకొనుడు. తీగ తీసి, బ్యాటరీ తీసి, ఆ పిమ్మట ఆన్ చేయు మీటను పదిక్షణములు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును పోగొట్టవలెను. పట్టుచీర, నైలాన్‌చీర కట్టుకొని కూర్చుండరాదు. ఎండకాలపు పొడిగాలిలో వానినుండి పుట్టు చిటపట విద్యుత్తు లోపలి పలుకలను చంపగలదు. నూలుచీర కట్టి, కొంగు బిగించి, గాజులు తీసిపెట్టి, ముందుగా కుళాయి వంటి లోహపు వస్తువు నొకటి తాకుడు. స్క్రూలు పొడుగులో భేదించును. పొడుగుదానిని పొట్టిదాని చోట బిగించినచో పలుక పగులును. ఇందుకు నేను మా పోపులపెట్టెను కడిగి యారబెట్టి తెచ్చితిని. ఆవాల గిన్నెలో అడుగుమూత స్క్రూలు, జీలకఱ్ఱ గిన్నెలో మీటలపలుకవి, మెంతుల గిన్నెలో ఫ్యానువి. బాలుడు నవ్వెను గాని, మఱల బిగించునప్పుడు ఒక్కటియు మిగులలేదు, ఒక్కటియు చాలకపోలేదు.

ఫ్యాను తీసి చూతుము గదా, దానికిని రెక్కలకును నడుమ కంబళిముక్క వంటి దొకటి యడ్డముగా బడియుండెను. ధూళి, నూలు, నా వెండ్రుకలు. దాని రంగు పసుపుపచ్చ! మా యిల్లు మార్కెట్ యార్డునకు దాపున నున్నది. మాఘము మొదలుకొని పసుపుబండ్లు వచ్చు దినములలో వీధి గాలియే పసుపువాసన గొట్టును. జాతీయ పసుపు బోర్డు మా పట్టణము కేంద్రముగా 2025 జనవరిలో ఏర్పడినదని సంతోషించితిమి గాని, మా ల్యాప్‌టాపు అంతకు చాల మున్నే తన కడుపులో పసుపుకోఠీ పెట్టుకొన్నది.

ఆ కంబళిని ముల్లుతో మెల్లగా లాగి, మిగిలినదానిని మెత్తని కుంచెతో దులిపితిమి. గాలి యూదునప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపిపట్టవలెను. విచ్చలవిడిగ తిరుగనిచ్చినచో దాని యిరుసు చెడును. ఇల్లు ఊడ్చు వాక్యూమ్ క్లీనరును దగ్గఱకు రానీయకుడు, దాని గొట్టము మొన యందును విద్యుత్తు చేఱును. ప్రాసెసరు మీది పాత పేస్టు ఎండి సున్నపు పెచ్చువలె నుండెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలున తడిపిన నూలుబట్టతో తుడిచి, క్రొత్త పేస్టు పెసరగింజంత పెట్టితిమి. నెయ్యి పోసినట్లు పోయుట తప్పు. అది రెండు తలముల నడుమ సందులను బూడ్చుటకే గాని తానై వేడిని చల్లార్చునది గాదు. ప్రక్కపలుకలమీద మెత్తని రబ్బరు పట్టీలున్నచో వానిని తీసి పేస్టు పూయరాదు, అచ్చట సందు పెద్దది. రాగిగొట్టమును వంపనేరాదు, వంగినచో లోపలి వత్తి నలిగి పనికిరాకుండ పోవును. దాని స్క్రూలను ఒకేసారి బిగింపక, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపుడు.

మఱల మూసి నడుపగా 96 డిగ్రీలు పోయి 68 చూపెను. ఫ్యాను గోల తగ్గెను. ఆ బాలునకు పూర్ణాలు పెట్టి పంపితిని. ఎదురింటివారికి, పాలామెకు, మా వదినగారికి జెప్పుకొంటిని. రోగము కుదిరినదని ఇరుగుపొరుగువారందఱకు చాటితిని.

మూడవనాడు వేకువన అయిదు గంటలకు, చల్లని గదిలో, యంత్రము పెట్టి పదినిమిషములైనను కాకముందే తెఱ నిలిచిపోయెను.

అడుగు తాకితిని. చల్లగా నున్నది. నిలిచిపోయిన తెఱమీద అంకె 52 డిగ్రీలు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుచున్నది, దీపము వెలుగుచున్నది. అప్పుడు గాని నాకు తట్టలేదు. మొదటి రెండు దినములును అది నిలిచిపోయినది, మూడవనాడు మాత్రమే ఆఱిపోయినది. రెండు లక్షణములు, రెండు రోగములు. వేడిగా నున్నది గనుక నన్నిటిని వేడి నెత్తిననే రుద్దితిని. జ్వరముతో నున్న పిల్లవానికి మూర్ఛ వచ్చినచో జ్వరమువలననే యనుకొందుము. ఒక్కొక్కప్పుడది నిజమును. కాని జ్వరము దిగిన పిమ్మటను మూర్ఛ వచ్చినచో వైద్యుడు వేఱుచోట వెదకవలెను గదా. శ్లేషలో నొక్క పదమునకు రెండర్థములుండునని నాలుగాశ్వాసముల పొడుగున మా నాయనగారు చెప్పగా కొట్టినదానను, ఒక్క “హ్యాంగు”నకు రెండు కారణములుండునని తోచకపోయెను.

ఇక్కడ నుండి నేను నోటుపుస్తకము పట్టితిని. నిలిచిపోయిన ప్రతిమాఱును వేళ, పెట్టిన తరువాత నెన్ని నిమిషములకు, అప్పుడు చేయుచున్న పని, ఉష్ణోగ్రత, ఫ్యాను ధ్వని, లోపల నేమైన టిక్కుటిక్కుమను చప్పుడు. ఎనిమిది దినములకు పదునొకండు పద్దులు చేఱినవి. వేడికిని నిలుపుదలకును పొత్తు కానరాలేదు. చప్పుడు లేదు. పెద్ద ఫైళ్లు రెండుమూడు ఒకేసారి తెఱచినప్పుడు మాత్రము హెచ్చుగా నిలిచినది.

ఆ పుస్తకము చూచి బాలుడు, “అమ్మా, ఇది ర్యామే ఉంటది,” అనెను. ర్యామ్ అనగా యంత్రము పనిచేయునప్పుడు సామగ్రిని పఱచుకొను పీట వంటిది. పీటలో నొక పలక చిల్లువడినచో, సామాను కొంచెమున్నప్పుడు తెలియదు. పీట నిండ పఱచినప్పుడు ఆ చిల్లులో బడినది పాడగును, పని యాగును. మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచితసాధనమును సీడీలో దెచ్చి, రాత్రి పెట్టి పడుకొంటిమి. తెల్లవాఱునప్పటికి తెఱనిండ ఎఱ్ఱని గీతలు. ఒక్క తప్పు వచ్చినను ర్యామ్‌ను నమ్మరాదట, మాకు వందలు వచ్చినవి.

మా యంత్రమున ఒక్కొక్క గిగాబైటు గల ర్యామ్ పట్టీలు రెండున్నవి. వానిని తీసి, బంగారురంగు పండ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, మఱల గట్టిగా కూర్చితిమి. అనేక పాత యంత్రములకు ఇంతమాత్రముననే కుదురునట. మాకు కుదురలేదు. పిమ్మట ఒక్కొక్క పట్టీనే పెట్టి విడివిడిగా పరీక్షించితిమి. ఒకటి నిష్కళంకము. రెండవది దోషి. దానిని తీసివేసితిమి. మిగిలిన యొక్క గిగాబైటు ఎక్స్‌పీకిని నా వ్రాతపనికిని చాలును. ఖర్చు పేస్టునకైనంత మాత్రమే.

బోధను సోదరికి ఇప్పుడు నా జవాబు. మీ యంత్రమును వెంటనే పాత సామానులవానికి వేయకుడు, వెంటనే తెఱువనుగూడ తెఱువకుడు. ముందు కాపీ. పిమ్మట మీరును నోటుపుస్తకము పట్టుడు. ఎల్లప్పుడును వేడెక్కిన తరువాతనే నిలిచిపోవుచున్నచో నూలుపోగు పరీక్ష చేయుడు. చల్లగా నున్నప్పుడును నిలిచిపోయినచో ర్యామ్ చూడుడు. టిక్కుటిక్కుమను ధ్వని వచ్చుచు, ఫైలు తెఱచుటకు యుగములు పట్టుచున్నచో హార్డ్ డిస్కు చావుబ్రతుకుల నున్నది. అప్పుడు వేఱు పరీక్షలు పెట్టి దానిని శ్రమపెట్టక ఉన్నది కాపీ చేసికొని, దాని చోట ఎస్ఎస్‌డీ వేయించుడు. పదునాలుగేండ్ల యంత్రమునకు సాధారణముగా అది సరిపడును. మాదానికంటె పాతవైనచో లోపలి అతుకు వేఱుగా నుండవచ్చును, అడిగి కొనుడు.

ఒక్క సంగతిలో మాత్రము తడయకుడు. అరచేతిక్రింది భాగము ఉబ్బినట్లున్నను, మూత సరిగా మూతపడకున్నను బ్యాటరీ పొంగినదన్నమాట. ఊడదీయు బ్యాటరీ యైనచో తీసివేసి, తీగతోనే నడుపుడు. గ్రుచ్చుట, నొక్కుట, ఎండలో బెట్టుట ప్రాణాపాయము. 2006 ఆగస్టులో డెల్ సంస్థవారు మంటలంటుకొను భయముచేత 41 లక్షల ల్యాప్‌టాపు బ్యాటరీలను వెనుకకు పిలిపించిరి, అవి సోనీ సంస్థవారు చేసినవి. క్రొత్తవానికే అట్టి గతి పట్టినప్పుడు పొంగినదానిని పరుపుక్రింద దాచుకొందుమా? ఇట్టివానిని చెత్తబండిలో వేయక, విద్యుత్ వ్యర్థములను గైకొను అధికృత కేంద్రమున కీయవలెను. నిబంధనల ప్రకారము వానిని తయారుచేసిన సంస్థలమీదనే పునర్వినియోగపు బాధ్యత కలదు.

మీ పిల్లలు “దీనికి విండోస్ సంరక్షణ లేదు” అందురేమో. విండోస్ 7నకు 2020 జనవరి 14తోను, విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తోను సాధారణ సంరక్షణ ముగిసిన మాట నిజమే. ఇంటర్నెట్టు వాడవలెనన్నచో తేలికపాటి లినక్స్ వేయించుడు, అది పాత యంత్రములమీద చక్కగా నడచును, వెల లేదు. వ్రాతపనికి మాత్రమే యైనచో మావలె ఇంటర్నెట్టునకు దగులనీయకుండుడు.

మఱియు మా పినత్తగారు చెప్పిన చిట్కాలను పాటింపకుడు. యంత్రమును కూలరు నెదుట బెట్టుమనిరి. తడిగాలి లోపల దూఱి చిలుము పట్టించును. ఫ్రిజ్జులో నుంచి తీయుమనిరి. బయటికి తీయగానే లోపలి పలుకలమీద చెమట పట్టును, ఇంక చెప్పవలసిన దేమున్నది! పరుపుమీద, ఒడిలోని దుప్పటిమీద నుంచి వాడకుడు. గట్టి పీట యొక్కటి చాలును. ప్రతి సంవత్సరమును మాఘమునకు ముందొకసారి గాలిసందులు దులుపుడు. మా పట్టణపు పసుపువీధులవారు రెండుమార్లు.

నా పోపులపెట్టె మఱల వంటింటికి చేఱినది. ఆఱవ యాశ్వాసమున ఇంక నలువదియొక్క పుటలు దిద్దవలసియున్నది. ఈ వారము వేకువ నాలుగున్నరకు కూర్చుండుచున్నాను. నిన్న మూడు గంటలు నడచినను 70 డిగ్రీలు దాటలేదు, నిలిచిపోలేదు. చల్ల మిరపకాయల సంగతి వచ్చు మాసమున.